గర్భాశయము: దాని నిర్మాణమును మాసధర్మమును

స్త్రీ కటికుహరమున, ముందు మూత్రాశయమునకును వెనుక పురీషనాళమునకును నడుమ, మూడంగుళముల పొడవును, రెండంగుళముల వెడల్పును, ఒక అంగుళపు మందమును కలిగి, పైన విశాలమై దిగువకు సన్నగిలి, కండరమయమై యుండు అవయవము గర్భాశయము. బిడ్డను మోసియెరుగని స్త్రీలో దాని బరువు అయిదు తులములకు అటునిటుగా నుండును. నిండుచూలాలిలో అదియే ఒక కిలోగ్రాము తూకమునకు పెరిగి, రొమ్ముటెముక చెంతవరకు ఎగబ్రాకి, అయిదు లీటర్లు పట్టు చోటును తనలో కల్పించుకొని, కాన్పయిన ఆరు వారములకు మరల ఇంచుమించు పూర్వపు పరిమాణమునకు దిగివచ్చును. ఈ పెరుగుట తరుగుటలను గూర్చి వైద్యులు వ్రాసినది చాల గలదు. జనులకును కొంత తెలియును. కాని గర్భము లేని నెలలలో ఆ అవయవ మేమి చేయుచుండునో, నెలకొకసారి కనబడు రక్తము ఎక్కడిదో, ఎందులకు వచ్చునో, ఎట్లు ఆగునో, ఆ సంగతిని దాని ననుభవించు స్త్రీలకే విడమరచి చెప్పినవా రరుదు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు చాపమీద కూర్చుండబెట్టి, చిమ్మిలియు కొబ్బరియు తినిపించి, పేరంటాండ్రను పిలిచి పాటలు పాడించి వేడుక జరుపుదుము. ఆమె దేహమున జరిగినదేమో మాత్రము ఆమెకు చెప్పము. అందుచేత ఈ అధ్యాయమున ఆ సంగతినే విస్తరించి వ్రాయదలచితిని.

గర్భాశయము నిట్టనిలువుగా నుండునని పటములు చూచినవారు తలతురు. నిజమునకది ముందుకు వాలి మూత్రాశయముపై ఒరగి యుండును. మూత్రాశయము నిండినకొలది పైకి లేచి, ఖాళీ అయినంతనే మరల వాలును. అయిదుగురిలో ఒకరికది వెనుకకు వాలియుండును. అట్టి స్త్రీని “గర్భసంచి తిరగబడినది” అని భయపెట్టువారు కలరు. అది మనిషికి మనిషికి నుండు రూపభేదమే కాని రోగము కాదు. గర్భాశయపు దిగువ కొస గ్రీవమై యోనిలోనికి చొచ్చియుండును. గ్రీవమున పుట్టు జిగట నెలలో చాల దినములు చిక్కగా నుండి వీర్యకణములకును సూక్ష్మజీవులకును అడ్డుపడి, అండము విడుదలయగు నాలుగైదు దినములలో మాత్రము పలుచనై, వ్రేళ్ళ నడుమ తీగసాగునంత తేటపడును. యోనిలోనో, లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు అచ్చటి కణములలోని గ్లైకోజెను నుండి లాక్టికామ్లమును పుట్టించి, పరిసరమును పుల్లగా నుంచి ఇతర క్రిములను పెరుగనీయవు. 1892లో జర్మను వైద్యుడు డోడర్లైన్ వీనిని వర్ణించెను. కావున దుర్వాసన, దురద, మంట లేని కొద్దిపాటి తెల్లబట్ట ఆరోగ్యలక్షణమే.

గర్భాశయపు పైమూలల నుండి నాలుగంగుళముల పొడవున రెండు నాళములు బయలుదేరి, అండాశయముల చెంత విచ్చుకొని, అంచున సన్నని చీలికలతో అంతమగును. 1561లో వెనిసు నగరమున తన పరిశీలనములను ప్రకటించిన ఇటలీ పండితుడు గబ్రియేలె ఫాలోపియో వీనిని సరిగా వర్ణించి, కొస విచ్చుకొన్న తీరునుబట్టి బాకాతో పోల్చెను. ఆయన పేరే వీనికి నేటికిని నిలిచినది. అంతకు సుమారు పదునాలుగు శతాబ్దములకు పూర్వము, ప్రాచీన వైద్యుడు గేలెను మానవదేహమును కోసి చూడక, కోతులయందును ఇతర జంతువులయందును కన్నదానినే మనుష్యులకు వర్తింపజేయగా, స్త్రీ గర్భాశయమునకు కొమ్ములున్నవను భ్రమ ఐరోపాలో చిరకాలము ప్రచారమున నుండెను. చూడకయే చెప్పిన మాట ఎంతటి పండితునిదైనను ఎన్ని తరములను త్రోవ తప్పించునో చూపుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

అండము కథ ఇంతకంటె దీర్ఘమైనది. హాలండులో డెల్ఫ్ట్ నగరపు వైద్యుడు రెయినియే ద గ్రాఫ్, ఆడ కుందేళ్ళను జతకూడిన పిమ్మట వేర్వేరు వ్యవధులలో కోసి చూచి, అండాశయముపై పొంగిన బుడగలు పగిలి ముద్దలుగా మారుటయు, అట్టి ముద్దల సంఖ్యయు గర్భమున పెరుగు పిండముల సంఖ్యయు సరిపోవుటయు గమనించి, 1672లో గ్రంథస్థము చేసెను. ఆయన ఆ బుడగలనే అండములని తలచెను. కాని నాళములో దొరికిన అండములు బుడగలకంటె ఎంతో చిన్నవై యుండుట ఆయనకు చిక్కుగనే మిగిలినది. మరుసటి యేట ముప్పదిరెండేండ్ల చిన్నవయస్సున ఆయన మరణించెను. ఆ చిక్కు విడుటకు 1827 వరకు ఆగవలసివచ్చెను. ఆ యేట కోనిగ్స్‌బర్గున కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేయర్ ఒక ఆడకుక్క అండాశయమును పరిశీలించుచు, బుడగ లోపల పసుపువన్నె చుక్క నొకదానిని కంటితోనే చూచి, పైకి తీసి సూక్ష్మదర్శిని క్రింద నుంచి, క్షీరదముల అండమును మొదటిసారిగా గుర్తించెను. మానవ అండము మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే; అయినను దేహములోని కణము లన్నిటిలో అదియే పెద్దది.

ఆడశిశువు తల్లికడుపున అయిదవ నెలలో నున్నప్పుడే ఆమె అండాశయములలో 60, 70 లక్షల అండమాతృకణములు సిద్ధమగును. ఆ పిమ్మట కొత్తవి చేరవు. పుట్టునాటికి 10 మొదలు 20 లక్షల వరకును, రజస్వల యగునాటికి 3, 4 లక్షలును మిగులును. వానిలో జీవితకాలమున విడుదలయగునవి 400, 500 మాత్రమే. తక్కినవి తమంతట తాము క్షీణించును. గర్భము దాల్చినను, సంతాన నిరోధపు మాత్రలు మ్రింగినను ఆ క్షయ మాగదు. ఈ కణములు క్రోమోజోములను సగము చేసికొను విభజనను పిండదశలోనే ఆరంభించి, నడుమ నిలిపివేసి, తమ వంతు వచ్చువరకు ఆ స్థితిలోనే యుండును. నలుబదేండ్ల స్త్రీలో విడుదలయగు అండము నలుబదేండ్లకు పైబడి అట్లు వేచియున్నదే. తల్లి వయస్సు మీరినకొలది క్రోమోజోముల పంపకము తప్పుటయు, డౌన్ సిండ్రోము గల శిశువులు ఎక్కువగుటయు ఈ దీర్ఘనిరీక్షణమునకు సంబంధించినవే. మరియొక మాట: అండములన్నియు ఎక్స్ క్రోమోజోమునే మోయును, ఎక్స్‌నో వైనో మోసితెచ్చునది వీర్యకణము. ఆడపిల్లలనే కన్నదని కోడలిని సాధించిన అత్తవారిండ్లు మన దేశమున ఎన్ని యున్నవో తలచుకొన్నప్పుడు, ఈ చిన్న సత్యము ప్రతి పాఠశాలలోను చెప్పవలసినదని నా మనస్సు ఆరాటపడును.

ఈ వ్యవస్థకు కాలమును పంచియిచ్చునది మెదడు అడుగుభాగమున నున్న హైపోథలమస్. అది గంటకో గంటన్నరకో ఒకసారి అత్యల్పమైన హార్మోను మోతాదును విడుదల చేయగా, దాని క్రిందనున్న పీయూషగ్రంథి మేల్కొని అండాశయమును ప్రేరేపించును. ఈ హార్మోను ఎడతెగక ప్రవహించినచో పీయూషగ్రంథి మందగించి ఊరకుండుననియు, విరామములతో వచ్చిననే పనిచేయుననియు అమెరికాలోని పిట్స్‌బర్గున ఎర్న్‌స్ట్ నోబిల్ కోతులపై చేసిన ప్రయోగములవలన తెలిసెను. ప్రేరణ నందుకొన్న అండాశయమున కొన్ని బుడగలు ఒక్కుమ్మడి పెరుగ నారంభించి, వానిలో ఒకటి మాత్రము ముందుకు సాగి, ఈస్ట్రోజెనును రక్తములోనికి పంపును. ఆ ఈస్ట్రోజెను ఒక స్థాయిని దాటి రెండు దినములు నిలిచినంతనే పీయూషగ్రంథి మరియొక హార్మోనును వెల్లువగా విడుచును. వెల్లువ మొదలైన సుమారు 36 గంటలకు బుడగ పగిలి అండము వెలువడును. పగిలిన బుడగ నశింపక పసుపువన్నె ముద్దగా మారి ప్రొజెస్టిరానును స్రవించును. దీనిని పీతదేహ మందురు.

అండము వెలువడుట ముట్టు దినములయందే జరుగునని ఇరువదియవ శతాబ్దపు తొలిభాగమున గొప్ప వైద్యులు కూడ నమ్మియుండిరి. 1924లో జపానున ఒగినోయు, 1928లో ఆస్ట్రియాలో క్నౌసును, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, అండము రాబోవు ముట్టుకు ఇంచుమించు రెండు వారములకు ముందు వెలువడునని తేల్చిరి. మనుస్మృతి ఋతుకాలమును ముట్టు మొదలుకొని పదునారు రాత్రులుగా లెక్కించి, అందు తొలి నాలుగింటిని విడువుమన్నది. కారణములను గూర్చిన దాని తలంపు లెట్లున్నను, ఆ లెక్క సాధారణముగా అండము వెలువడు దినమును తనలో ఇముడ్చుకొనుచున్నది.

ఇక ప్రధాన విషయమునకు వత్తును. గర్భాశయ కుహరమునకు లోపల నుండు పొర, ముట్టు ఆగిన దినమున ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమున నుండును. ఈస్ట్రోజెను సోకినంతనే అది పెరుగ నారంభించి, పది మిల్లీమీటర్ల వరకు లేచును. దానితోపాటు అందులోని గొట్టపు గ్రంథులును పొడవగును. గోడ లోతునుండి పైకి వచ్చు సన్నని ధమనులును పొడవగును. ఈ ధమనులు పొరకంటె వేగముగా పెరుగుటచే, ఉన్న చోటు చాలక, చుట్టలు చుట్టలుగా మెలితిరుగును. పీతదేహమునుండి ప్రొజెస్టిరాను అందినప్పుడు గ్రంథులు పోషకద్రవమును స్రవించుటయు, నడిమి కణములు ఉబ్బి సారము నింపుకొనుటయు జరుగును. వచ్చునో రాదో తెలియని పిండము కొరకు ఇంతటి సిద్ధత జరుగుచున్నది. పిండము రానిచో పది పండ్రెండు దినములకు పీతదేహము వాడి, ప్రొజెస్టిరాను దిగజారును.

అటుపిమ్మట లోపల నేమి జరుగునో కంటితో చూచినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు మార్కీ. ఆయన ఆడ రీసస్ కోతుల గర్భాశయపు లోపొరనుండి చిన్న తునకలను తీసి, అవే కోతుల కంటిలో, నల్లగ్రుడ్డుపై నుండు పారదర్శకమైన పొరకు వెనుకనున్న నీటి గదిలో నాటెను. తునకలు అచ్చట రక్తనాళములను సంపాదించుకొని బ్రదికి, గర్భాశయములోని పొర యెట్లు నెలనెలకు మారునో అట్లే మారసాగినవి. కోతికి ముట్టు వచ్చినప్పుడు కంటిలోని తునకయు నెత్తురు కార్చెను. సూక్ష్మదర్శినిని కంటి కెదురుగా నిలిపి ఆయన ఆ వృత్తాంతమును దినదినము చూచి వ్రాసికొనెను. ముందుగా తునక క్రుంగును. క్రుంగినకొలది మెలితిరిగిన ధమనులు మరింత బిగిసి, వానిలో రక్తపు నడక మందగించును. నెత్తురు కనబడుటకు కొన్ని గంటల ముందు ఆ ధమనులు ముడుచుకొనిపోయి, తునక పాలిపోవును. పిదప ఒక్కొక్క ధమని విడివిడిగా సడలును. సడలిన చోట ఆహారమందక బలహీనపడిన గోడ చిట్లి, రక్తము పొరలోనికి ఉబికి, చిన్న చిన్న నెత్తుటి గుంటలు కట్టి, పొర ముక్కలు ముక్కలుగా ఊడివచ్చును. ఒక ధమని కొంతసేపు కార్చి మూసికొనగా మరియొకటి తెరచుకొనును. 1940లో ఈ పరిశీలనములు వెలువడినవి. ముట్టును గూర్చి వేల యేండ్లుగా మనుష్యు లూహించిన దంతయు ఒక ప్రక్కను, ఆ కోతి కంటిలోని తునక ఒక ప్రక్కను ఉంచి చూచినచో, శాస్త్రమన నేమియో బోధపడగలదని నేను నమ్ముదును.

ఇట్లు వెడలు రక్తము నెలకు సగటున 30, 40 మిల్లీలీటర్లు; 80కి మించిన దానిని వైద్యులు అధికముగా పరిగణింతురు. ఆ సమయమున లోపొరలో పుట్టు ప్రోస్టాగ్లాండినులు ధమనులను ముడుచుటయే కాక గర్భాశయ కండరమును పిండునట్లు చేయును, కడుపునొప్పి దానివలననే. దేహములోని చెడు రక్తము దీనిద్వారా పోవునని మన యిండ్లలో ననుకొందురు. అది సత్యము కాదు. ఆ రక్తము చేతినరమున ప్రవహించు రక్తమే, ఆ పొర బిడ్డను పోషించుటకు సిద్ధపరచిన పొరయే. దాని నంటు అని దూరముంచుటకును, మూడు దినములు పిల్లను వసారాలోనో పశువుల కొట్టములోనో ఉంచుటకును దేహశాస్త్రమున ఆధార మిసుమంతయు లేదు.

ఊడిపోవునది పై రెండు వంతులే, అడుగుపొర నిలిచియుండును. అందు మిగిలిన గ్రంథుల మొదళ్ళనుండి కొత్త కణములు ప్రాకి, రక్తము పూర్తిగా ఆగకమునుపే పచ్చిగానున్న చోటును కప్పివేయ మొదలిడి, అయిదారు దినములలో పని ముగించును. చర్మముపై ఇంతటి గాయమైనచో మచ్చ మిగులును. గర్భాశయములో నెలనెలకు జరిగి, జీవితమున నాలుగువందల పర్యాయములైనను, మచ్చ అన్నది కానరాదు. ఈ విద్యను తెలిసికొని చర్మపు గాయములకును వినియోగించుకొనవలెనని నేటికిని పరిశోధకులు శ్రమించుచున్నారు.

జంతుప్రపంచమున ముట్టు అరుదు. మనుష్యులు, కొన్ని జాతుల కోతులు, కొన్ని గబ్బిలములు, ఆఫ్రికాలోని ఏనుగు చుంచు, ఈ మధ్య గుర్తింపబడిన ముళ్ళ యెలుక మాత్రమే ఇందున్నవి. ఆవు, గేదె, మేక, పిల్లి వీనికి ముట్టు లేదు. కుక్కకు కనబడు రక్తము వేరొక దశకు చెందినది. తక్కిన జంతువులలో పిండము వచ్చి తాకిన పిమ్మటనే పొర పూర్తిగా సిద్ధపడును. మనలో పిండము రాకమునుపే సిద్ధపడును. మానవ పిండము గర్భాశయపు గోడలోనికి మిక్కిలి లోతుగా చొచ్చుకొనిపోవు స్వభావము కలది కావున, దాని నదుపున నుంచుటకును, లోపము గల పిండములను నిలువనీయక విడిచివేయుటకును తల్లిదేహ మిట్లు ముందుగా సన్నద్ధమగుచున్నదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. నాకిది సమంజసముగా తోచుచున్నది.

అండము నాళములోనే, దాని విశాలమైన వెలుపలి భాగమున, వీర్యకణముతో కలియును. కలిసిన పిదప మూడు నాలుగు దినములు నాళములో ప్రయాణము చేసి గర్భాశయమును చేరి, ఆరేడవ దినమున లోపొరలో నాటుకొనును. నాటుకొన్న పిండము వెంటనే ఒక హార్మోనును తల్లి రక్తములోనికి పంపి, వాడబోవు పీతదేహమును నిలబెట్టును. నెల తప్పినప్పుడు మందుల దుకాణములో కొని చేసికొను మూత్రపరీక్ష ఈ హార్మోనునే పట్టిచ్చును. పీతదేహము లేనిచో పిండము నిలువజాలదని 1903లో జర్మనీలో ఫ్రెంకెల్ కుందేళ్ళయందు నిరూపించెను. అందులోని సారమును 1929లో అమెరికాలో కార్నరును విల్లర్డ్ ఆలెనును వేరుపరచిరి. పిండము నాళములోనే చిక్కుకొని పెరిగినచో నాళము పగిలి తల్లి ప్రాణమునకే ముప్పు వాటిల్లును. నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపున ఒక ప్రక్క తీవ్రమైన నొప్పియు కండ్లు తిరుగుటయు కలిగినచో క్షణము ఆలసింపరాదు.

మాయ యొక్క కణములు తల్లి ధమనులను తొలిచి తెరచుకొను ఈ శక్తి ఒక్కొక్కప్పుడు హద్దు మీరి కోరియోకార్సినోమా అను క్యాన్సరగును. అది ఊపిరితిత్తులకు వ్యాపించిన స్త్రీలు కొలది నెలలలో మరణించెడివారు. భీమవరమున జన్మించి అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున, ఫోలికామ్లపు పనిని అడ్డగించు పదార్థములు తయారైనవి. వానిలో నొకటి మెథోట్రెక్సేటు. సుబ్బారావుగారు 1948లో కాలధర్మము నొందిరి. ఎనిమిదేండ్ల పిమ్మట, 1956లో, మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు ఆ మందుతో ఈ వ్యాధి నయమైన వృత్తాంతమును ప్రకటించిరి. గట్టిగడ్డగా పెరుగు క్యాన్సరు మందుతోనే నయమగుట అదియే మొదలు. నాళములోని గర్భమును సకాలమున గుర్తించినచో శస్త్రచికిత్స లేకయే కరిగించుటకు నేడు వాడునది ఆ మందే. తెలుగువారు ఆయన పేరు చెప్పుకొనుటకు ఇంతకంటె గొప్ప కారణము వేరొకటి ఉండనక్కరలేదు.

కండరమును గూర్చి ఒక్క సంగతి చెప్పక విడువరాదు. నిండు నెలలలో గర్భాశయమునకు నిమిషమునకు అరలీటరుకు పైగా రక్తము ప్రవహించును. బిడ్డయు మాయయు వెలువడినప్పుడు ఆ నాళములన్నియు నోళ్ళు తెరచుకొని యుండును. వానిని కట్టువారు లేరు. రక్తము గడ్డకట్టువరకు ఆగినచో తల్లి దక్కదు. నడిమి కండరపొరలోని పోగులు ఒకదాని నొకటి అల్లుకొని, ధమనులు వాని నడుమనుండి సాగునట్లు అమరియున్నవి. కండరము ముడుచుకొనినంతనే ఆ పోగులు ధమనులను నలుదెసల బిగించి మూసివేయును. ఈ ముడుపునకు తోడ్పడు ఆక్సిటోసిను బిడ్డ చన్నుకుడువగనే విడుదలయగును. ముర్రుపాలు మంచివి కావని పారబోసి, రెండు మూడు దినములు బిడ్డను తల్లి రొమ్మునకు దూరముంచు ఆచారము మన పల్లెలలో ఇంకను మిగిలిన చోట్ల, బిడ్డకు జరుగు నష్టముతోపాటు తల్లికిని ఈ సాయము అందకపోవుచున్నది.

నలుబదియైదు, ఏబది యేండ్ల నడుమ అండాశయములోని నిలువ తరిగి ముట్లుడుగును. అంతవరకైనను వేచియుండక గర్భాశయమును తీయించుకొన్న స్త్రీలు మన ప్రాంతమున మిక్కుటముగా నున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో, దేశము మొత్తమున నూటికి 3.2 మందికి గర్భాశయము తొలగింపబడి యుండగా, ఆంధ్రప్రదేశమున 8.9 మందికిని, తెలంగాణమున 7.7 మందికిని తొలగింపబడి యుండెను. రాష్ట్రములన్నిటిలో ఇవియే ముందున్నవి. తెల్లబట్ట, నడుమునొప్పి, అధిక రక్తస్రావము, క్యాన్సరు వచ్చునేమో నన్న భయము, పిల్లలు చాలుననుకొన్న పిదప ఇక నేల యను తలంపు, ఇవి వారు చెప్పు కారణములు. కూలికి పోవు స్త్రీకి నెలలో నాలుగు దినములు మానవలసివచ్చు కష్టము నిజమైనదే. దానిని నేను తేలికగా చూడను. కాని గర్భాశయముతోపాటు అండాశయములను కూడ తీసినచో ఈస్ట్రోజెను ఒక్కసారిగా తెగిపోయి ఎముకలు గుల్లబారుటయు, గుండెజబ్బు త్వరపడుటయు కలదు. అండాశయములను విడిచినను, కొందరిలో అవి కొన్ని సంవత్సరములు ముందుగా పని మానును.

శస్త్రచికిత్స తప్పని సందర్భములు లేకపోలేదు. క్యాన్సరు, ఏ మందుకును లొంగని రక్తస్రావము, కాన్పులో గర్భాశయము చిట్లుట అట్టివి. గ్రీవపు క్యాన్సరును ముందుగా పసిగట్టుటకు గర్భాశయమును తీయనక్కరలేదు. గ్రీవముపై వినిగరు పూసి చూచు పరీక్షయు, కణములను గీకి చూచు పరీక్షయు చాలును, బాలికలకు టీకాయు కలదు. అధిక రక్తస్రావమునకు మాత్రలున్నవి, గర్భాశయములోనే అమర్చి కొద్దికొద్దిగా ప్రొజెస్టిరాను జాతి మందును విడుచు సాధనమున్నది. గడ్డలు కూడ అన్నియు తీయదగినవి కావు: కండరమున పుట్టు ఫైబ్రాయిడ్లు ఈస్ట్రోజెనుపై ఆధారపడి పెరుగునవి కనుక, బాధ పెట్టనంతవరకు వానిని చూచుచు ఉండిపోవచ్చును, ముట్లుడిగిన పిమ్మట అవి తమంతట తామే క్రుంగిపోవును.